రష్ ఆల్బమ్‌లు 19: నా కారులో మిగిలినవి ఏవి

రష్ అనే కెనడా బ్యాండ్ 1974 నుంచి 2012 దాకా 19 స్టూడియో ఆల్బమ్‌లు చేసింది. వాటిలో బాగా నచ్చినవి ఓ ఐదు చెప్పమని వాళ్ల అభిమానిని ఎవరినైనా అడిగి చూడండి. ఏడు చెప్తాడు, ఇంకో మూడు వదిలేసినందుకు బాధపడతాడు, చివర్లో లైవ్ ఆల్బమ్‌లు కూడా లెక్కలోకి వస్తాయా అంటాడు. నా లెక్కలోకి రావు. వాటి సంగతి తేల్చాలంటే మరో పూట కావాలి.

నేను పెట్టుకున్న పరీక్ష చాలా మోటుది. నేనుండేది బ్రాంప్టన్‌లో, పని చేసేది టొరంటో తూర్పున స్కార్‌బరో వైపు ఒక గోదాములో. హైవే 401 మీద మామూలు రోజున ఒకవైపు ప్రయాణం ఒక ఆల్బమ్‌కి సరిపోతుంది. ఇంటి దగ్గర పెట్టిన ఆల్బమ్‌ని గోదాము పార్కింగ్‌లో బండి ఆపేదాకా ఒక్క పాట కూడా దాటెయ్యకుండా వినగలిగితే పాసు. మధ్యలో వేలు బటన్ మీదకి వెళ్లిందంటే ఫెయిలు, అందులో ఎంత గొప్ప పాట ఉన్నా సరే. ఒక్క పాట బాగుందని మొత్తం ఆల్బమ్‌ని నెత్తిన పెట్టుకోవడం నా వల్ల కాదు.

ఈ సీడీలు నా దగ్గరికి ఎలా వచ్చాయంటే, మా గోదాములో పెద్దాయన ఒకరు రిటైరవుతూ ఓ అట్టపెట్టె నా చేతిలో పెట్టారు. టొరంటో ఉత్తరాన ఉన్న విల్లోడేల్‌లో పుట్టి పెరిగిన మనిషి. రష్ కూడా 1968లో ఆ పేటలోనే మొదలైంది. “నువ్వు డ్రమ్స్ నేర్చుకున్నావుగా, ఇవి నీకే” అన్నారు. నేను నేర్చుకున్నది మృదంగం, రాజమండ్రిలో, పదో తరగతి పరీక్షలొచ్చి ఇంట్లో మాన్పించేదాకా. ఆ తేడా ఆయనకి పట్టలేదు. విన్నాక నాకూ పట్టలేదు.

నా తీర్పు ముందే చెప్పేస్తాను. ఈ బ్యాండ్ అసలు బలం ఇరవై నిమిషాల పాటలు రాయడంలో లేదు. ఇరవై నిమిషాల్లో చెప్పేదాన్ని ఐదు నిమిషాల్లోకి కుదించి, అందులో ఒక్క చిక్కు ముడి కూడా విప్పకుండా, వినేవాడికి మాత్రం ఆ చిక్కు తెలియనివ్వకుండా ఉండటంలో ఉంది. అది వాళ్లకి 1980 నుంచి 1984 దాకా బాగా కుదిరింది. అంతకుముందు దానికోసం దారి వెతుక్కున్నారు. ఆ తర్వాత చాలా ఏళ్లు దాన్ని పోగొట్టుకుని, చివర్లో మళ్లీ కొంత తెచ్చుకున్నారు.

కొత్తవాళ్లకి రెండు ముక్కలు. వాళ్లు ముగ్గురే. అలెక్స్ లైఫ్సన్ గిటార్. గెడ్డీ లీ బేస్ గిటార్ వాయిస్తాడు, పాడతాడు, అవసరమైతే కీబోర్డు వాయిస్తాడు, స్టేజి మీద చేతులు ఖాళీ లేకపోతే కాళ్లతో పెడల్స్ తొక్కి సింథసైజర్ పలికిస్తాడు. మొదటి ఆల్బమ్‌కి డ్రమ్స్ వాయించిన జాన్ రట్సీ 1974లో వెళ్లిపోతే నీల్ పియర్ట్ వచ్చాడు. తర్వాత నలభై ఏళ్లు ఆ ముగ్గురూ మారలేదు. పాటల సాహిత్యం దాదాపు అంతా రాసింది కూడా డ్రమ్మరే. ఇలాంటి ఏర్పాటు ఇంకో పెద్ద బ్యాండ్‌లో నాకు కనపడలేదు.

గెడ్డీ లీ గొంతు గురించి ముందే హెచ్చరించాలి. డెబ్బైలలో అది ఎక్కడో కొండమీద ఉంటుంది. మా అమ్మ మొదటిసారి ఇక్కడికి వచ్చినప్పుడు కారెక్కి కాసేపు విని, “ఎవరే ఆ పిల్ల, అంత పైకెందుకు లాగుతోంది?” అంది. పిల్ల కాదమ్మా, అరవై ఏళ్ల పెద్దమనిషి అంటే నమ్మలేదు. ఆ గొంతు పడనివాళ్లకి ఎప్పటికీ పడదు. అలాంటివాళ్లు 1982 తర్వాతి ఆల్బమ్‌లతో మొదలుపెట్టడం మంచిది. అప్పటికి గొంతు కాస్త కిందికి దిగింది.

ముందు ఫెయిలైనవి. మొదటి ఆల్బమ్ మీద బ్రిటిష్ హార్డ్ రాక్ నీడ మరీ ఎక్కువ. చివరి పాట ‘వర్కింగ్ మ్యాన్’ మాత్రం రాత్రి షిఫ్ట్ చేసేవాళ్లకి కచ్చితంగా ఎక్కుతుంది. 1975లో రెండు ఆల్బమ్‌లు వచ్చాయి. ‘ఫ్లై బై నైట్’ పియర్ట్ వచ్చాడన్న సంబరం. ‘కేరెస్ ఆఫ్ స్టీల్’ ఎల్పీ రికార్డులో రెండో సైడంతా ఒకే పాట, మొదటి సైడులో ఇంకో పన్నెండు నిమిషాల పాట. నా వేలు బటన్ మీదకి వెళ్లింది. అప్పటి శ్రోతల వేళ్లు కూడా వెళ్లినట్టే ఉన్నాయి, ఎందుకంటే ఆ ఆల్బమ్ అమ్ముడుపోలేదు. ఆ టూర్‌కి వాళ్లే వెటకారంగా ‘డౌన్ ద ట్యూబ్స్’ అని పేరు పెట్టుకున్నారు, మునిగిపోయాం అనే అర్థంలో.

కంపెనీ వాళ్లు చిన్న పాటలు చెయ్యమన్నారు. ఈ ముగ్గురూ ఎలాగూ పోయేదే కదా అని మళ్లీ ఒక సైడంతా ఒకే పాట చేశారు. అదే 1976లో వచ్చిన ‘2112’. ఆ మొండితనమే వాళ్లని నిలబెట్టింది. సంగీతం నిషేధించిన భవిష్యత్తులో ఒకడికి పాత గిటార్ దొరకడం, దాన్ని తీసుకెళ్లి పూజారులకి చూపించడం, వాళ్లు దాన్ని పగలగొట్టడం కథ. ఏడు భాగాలు, ఇరవై నిమిషాలకి పైన. ఆ గిటార్ దొరికిన చోట లైఫ్సన్ ముందు తీగలు సరిచేసుకుంటున్నట్టు, తర్వాత ఒక్కో స్వరం వెతుక్కుంటున్నట్టు వాయిస్తాడు. వాద్యం మొదటిసారి చేతిలోకి వచ్చినవాడి తడబాటు అచ్చంగా అలాగే ఉంటుంది. ఆ కాసేపటి కోసం నేను ఆ సైడ్ ఎన్నిసార్లైనా వింటాను.

మరి ఎందుకు ఫెయిలు? రెండో సైడు. అందులో ఉన్న ఐదు పాటల్లో రెండు మాత్రమే మొదటి సైడు పక్కన నిలబడతాయి. మా అబ్బాయి ఈ మాట ఒప్పుకోడు. వాడికి పదహారేళ్లు, పూజారుల మీద తిరగబడే కథలన్నీ నచ్చే వయసు.

1977లో ‘ఎ ఫేర్‌వెల్ టు కింగ్స్’, 1978లో ‘హెమిస్ఫియర్స్’. రెండూ వేల్స్‌లో రాక్‌ఫీల్డ్ అనే చోట స్టూడియోలో చేశారు. మొదటి దాంట్లో బ్లాక్ హోల్‌లోకి దూసుకెళ్లే ఓడ కథ సగంలో ఆగుతుంది, రెండో దాంట్లో 18 నిమిషాలపాటు కొనసాగుతుంది. ఈ రెండో భాగం పాడటానికి గెడ్డీ లీ నానా పాట్లు పడ్డాడు. సంగీతమంతా కట్టేసి, అది తన గొంతుకి ఏ శ్రుతిలో ఉందో చూసుకోలేదు. లండన్ వెళ్లి గొంతు రికార్డు చేసేటప్పుడు తెలిసింది ఎంత ఎత్తులో కట్టారో. వినేటప్పుడు ఆ కష్టం మనకీ తెలుస్తుంది. అది ఆ పాటకి లాభం కాదు, నష్టమే.

కానీ రెండో సైడు వినండి. ‘లా విల్లా స్ట్రాంజియాటో’ అని తొమ్మిదిన్నర నిమిషాల వాద్య సంగీతం. లైఫ్సన్‌కి వచ్చిన పీడకలల మీద కట్టింది. మొత్తాన్ని ఒకే ఊపులో వాయించి రికార్డు చెయ్యాలని పంతం పట్టి, రోజుల తరబడి ప్రయత్నించి, చివరికి మూడు ముక్కలుగా చేసి అతికించారు. పన్నెండు భాగాలున్నాయి. వాళ్లే దానికి ‘సొంత సరదా తీర్చుకునే కసరత్తు’ అనే అర్థంలో ఉపశీర్షిక పెట్టారు. అందులో గిటార్ సోలో మెల్లగా, దాదాపు చప్పుడు లేకుండా మొదలై పైకి లేస్తుంది. లైఫ్సన్ గురించి ఎవరూ తగినంత చెప్పరు. ఇద్దరు మహా వాద్యకారుల పక్కన నిలబడి, వాళ్లిద్దరికీ చోటిచ్చి, తన వంతు వచ్చినప్పుడు ఇలా వాయించడం మామూలు విషయం కాదు. ‘హెమిస్ఫియర్స్’కి సగం పాసు ఇస్తున్నాను. రెండో సైడు మాత్రమే వినేవాళ్లు తప్పు చేస్తున్నామని అనుకోనక్కర్లేదు.

ఆ పంతంతో వాళ్లు అలిసిపోయారు. అదే మనకి మేలైంది.

1980 జనవరిలో ‘పర్మనెంట్ వేవ్స్’ వచ్చింది. ఆరు పాటలు, ముప్ఫై ఐదు నిమిషాల చిల్లర. నా మొదటి స్థానం దీనిదే. ఇది చదివి కొందరికి బీపీ పెరుగుతుందని తెలుసు, కాస్త ఓపిక పట్టండి.

మొదటి పాట ‘ద స్పిరిట్ ఆఫ్ రేడియో’. ఆ పేరు అప్పట్లో సీఎఫ్ఎన్‌వై అనే ఎఫ్ఎం స్టేషన్ నినాదం. అప్పుడు ఆ స్టేషన్ ఉండేది మా బ్రాంప్టన్‌లోనే. బాగా అమ్ముడుపోయేవి మాత్రమే కాకుండా తమకి నచ్చినవి వేసే స్టేషన్‌గా దానికి పేరు. రేడియో డబ్బుకి లొంగిపోతోందని తిట్టే పాట అదే రేడియోలో మోగి హిట్టయింది. ఐదు నిమిషాలు కూడా లేని ఆ పాటలో గిరగిరా తిరిగే గిటార్, హార్డ్ రాక్, చివర్లో హఠాత్తుగా రెగ్గే, అన్నీ ఉన్నాయి. రెండేళ్ల ముందు వాళ్లు దీన్ని పావుగంట సాగదీసేవాళ్లు.

రెండో పాట ‘ఫ్రీవిల్’ చరణాల్లో ఆరు, ఏడు కలిపి పదమూడు లెక్క నడుస్తుంది. స్టీరింగ్ మీద వేలితో తాళం వెయ్యబోతే ప్రతిసారీ ఒకటి ఎక్కువో తక్కువో అవుతుంది. అయినా పాట వింటున్నవాడికి ఎక్కడా కుంటినట్టు అనిపించదు, హాయిగా వెంట పాడుకోవచ్చు. నేను మొదట్లో చెప్పిన కుదింపు ఇదే. మధ్యలో ముగ్గురూ ఒకేసారి సోలో వాయిస్తున్నట్టు ఒక భాగం ఉంటుంది. బేస్ గిటార్ వెనకాల ఉండే వాద్యం అనుకునేవాళ్లకి అది వినిపించాలి.

చివరి పాట ‘నేచురల్ సైన్స్’ తొమ్మిది నిమిషాల పైన. మధ్యయుగపు వీరుడు సర్ గవైన్ మీద పెద్ద కావ్యం చెయ్యబోయి, అది మిగతా పాటల మధ్య ఇమడదని పక్కన పెట్టి, దాని చోట ఇది కట్టారు. నాకు చాలా నచ్చిన నిర్ణయం. దేవుళ్లూ పూజారులూ అంతరిక్ష నౌకలూ పోయి, ఆటుకి సముద్రం ఒడ్డున మిగిలిన నీటి గుంటలు వచ్చాయి. ఆ గుంటలో పురుగు తన గుంటే ప్రపంచం అనుకుంటుంది. అక్కడి నుంచి విశ్వం దాకా వెళ్లి, సైన్సుకి నీతి ఉండాలనే మాట దగ్గరికి వస్తుంది. క్యూబెక్‌లో మోరిన్ హైట్స్ అనే కొండ ఊళ్లో, సరస్సు పక్కన ఉన్న స్టూడియోలో చేశారు దీన్ని. పాట మొదట్లో వినపడే నీళ్ల చప్పుడు ఆ సరస్సుదే. పొడుగు పాటల్లో వాళ్లు చేసిన అన్నిటికన్నా ఇదే మంచిదని నా అభిప్రాయం, ‘2112’ కన్నా కూడా. మా అబ్బాయి ఈ పేరా చదవకూడదు.

మధ్యలో ‘డిఫరెంట్ స్ట్రింగ్స్’ అని నెమ్మదైన పాట ఒకటుంది. చాలామంది దాటేస్తారట. ట్రాఫిక్ ఆగిపోయినప్పుడు సరిగ్గా ఆ పాట వస్తే ఎందుకు దాటెయ్యకూడదో తెలుస్తుంది.

1981 ఫిబ్రవరిలో ‘మూవింగ్ పిక్చర్స్’. అందరి మొదటి ఎంపిక, నా రెండోది. కొత్తవాళ్లు ఏది కొనాలి అంటే మాత్రం నేను కూడా దీన్నే చూపిస్తాను. అట్ట మీద బొమ్మ టొరంటో క్వీన్స్ పార్క్‌లోని శాసనసభ భవనం ముందు తీసింది. కూలీలు పటాలు మోసుకెళ్తుంటారు, పక్కన జనం చలించిపోయి ఏడుస్తుంటారు, వెనక అట్ట తిప్పితే అక్కడ సినిమా షూటింగ్ జరుగుతుంటుంది. పేరుతో మూడు రకాల సరదా. మా చుట్టాలు ఎవరొచ్చినా నగరం చూపించే దారిలో ఆ మెట్ల ముందు ఫోటో తీస్తాను. ఎందుకో వాళ్లకి చెప్పను.

మొదటి సైడు నాలుగు పాటలూ ఈ బ్యాండ్ జీవితంలో అన్నిటికన్నా మంచి సైడు. ‘టామ్ సాయర్’ మధ్యలో సింథసైజర్ మీద ఏడు లెక్క వస్తుంది. మిశ్రచాపు తెలిసినవాళ్లకి ఇంటికొచ్చినట్టు ఉంటుంది, అయితే పియర్ట్ దాని మీద చేసేది మన మిశ్రచాపు నడక కాదు. ‘రెడ్ బార్కెట్టా’ కార్లు నిషేధించిన కాలంలో ఒక కుర్రాడు మామయ్య కొట్టంలో దాచిన పాత కారు తీసి నడిపే కథ. ఇది హైవే మీద వింటే స్పీడ్ చూసుకోవాలి, ముందే చెప్తున్నాను. ‘లైమ్‌లైట్’ పేరుప్రతిష్ఠలు పియర్ట్‌కి ఎంత ఇబ్బందో చెప్పే పాట. అభిమానులు దగ్గరికొచ్చి చనువుగా మాట్లాడితే ఆయనకి ఊపిరాడేది కాదు.

మూడో పాట దగ్గర కాస్త ఆగాలి. ‘వైవైజెడ్’ అనేది టొరంటో పియర్సన్ ఎయిర్‌పోర్టు కోడ్. ఇక్కడ దిగిన ప్రతి తెలుగువాడి సూట్‌కేసుకీ, ఆవకాయ సీసాలున్న పెట్టెకీ ఆ మూడక్షరాల చీటీ కట్టి ఉంటుంది. ఎయిర్‌పోర్టు ఆ మూడక్షరాలనీ మోర్స్ కోడ్‌లో ప్రసారం చేస్తుంది, పైలట్లు గుర్తుపట్టడానికి. విమానంలో ఉండగా ఆ సంకేతం వినపడి, దాని లయ బాగుందనిపించి, వాద్య సంగీతం కట్టేశారు.

ఇక నాలాంటివాళ్లకి అసలు సరదా ఇక్కడుంది. మోర్స్‌లో ‘వై’ అంటే గీత, చుక్క, గీత, గీత. ‘జెడ్’ అంటే గీత, గీత, చుక్క, చుక్క. గీతకి రెండు మాత్రలు, చుక్కకి ఒకటి వేసుకోండి. ‘వై’ రెండు, ఒకటి, రెండు, రెండు, మొత్తం ఏడు. తకిట తకధిమి! అచ్చంగా మిశ్రం. అది రెండుసార్లు. తర్వాత ‘జెడ్’ తకధిమి తక, ఆరు. ఏడూ ఏడూ ఆరూ ఇరవై. అంటే నాలుగేసి మాత్రల దెబ్బలు ఐదు, వాళ్లు ఐదు-బై-నాలుగు అనేది అదే. తకిట తకధిమి తకిట తకధిమి తకధిమి తక అని నోటితో అంటూ పాట మొదట్లో ఆ తాళపు గంట శబ్దంతో కలిపి చూడండి. గీసిన గీతలా కలుస్తుంది. కారులో ఇది కనిపెట్టిన రోజు ఒక ఎగ్జిట్ దాటిపోయింది. ఈ పాటకి గ్రామీ నామినేషన్ వచ్చింది కానీ అవార్డు ‘ద పోలీస్’ అనే బ్రిటిష్ రాక్ బ్యాండ్‌కి వెళ్లింది. ఏ పాటకి ఇచ్చారో ఇప్పుడు ఎవరికైనా గుర్తుందా?

మరి రెండో స్థానం ఎందుకంటే, రెండో సైడు మొదట్లో ‘ద కెమెరా ఐ’ పదకొండు నిమిషాలు నడుస్తుంది. బాగానే ఉంటుంది, న్యూయార్క్, లండన్ వీధులు చూపిస్తుంది, కానీ మొదటి సైడు నేర్పిన పొదుపు ఇందులో లేదు. బటన్ నొక్కను గానీ, చూపు ఒకసారి అటు వెళ్తుంది. పది నిమిషాలు దాటిన పాట వాళ్లు మళ్లీ చెయ్యలేదు. వాళ్లకీ అర్థమైందన్నమాట.

‘సిగ్నల్స్’ 1982. సింథసైజర్ ముందుకొచ్చి గిటార్ వెనక్కి పోయింది. లైఫ్సన్ అభిమానులకి కోపం. ‘ఫ్లై బై నైట్’ నుంచి ప్రొడ్యూసర్‌గా ఉన్న టెర్రీ బ్రౌన్ దీని తర్వాత వెళ్లిపోయాడు. నాకు మొదటి పాట ‘సబ్‌డివిజన్స్’ చాలు, మిగతావి బోనస్. ఊరి చివర వరసగా ఒకేలా కట్టిన ఇళ్లు, ఆ ఇళ్లలో పెరిగే పిల్లలు అందరిలా ఉండకపోతే బడిలో ఎలా వెలి అవుతారో చెప్పే పాట. బ్రాంప్టన్‌లో ఒకే నమూనా ఇళ్ల వీధిలోంచి రోజూ బయటికి వచ్చేదాన్ని, ఇక నాకు వేరే వివరణ అక్కర్లేదు. సైడులో నాలుగు నిమిషాల చోటు మిగిలిందని గబగబా కట్టిన ‘న్యూ వరల్డ్ మ్యాన్’ అమెరికా టాప్ 40లోకి వెళ్లిన వాళ్ల ఒకే ఒక్క పాట అయింది. ఏళ్ల తరబడి చెమటోడ్చి కట్టినవాటికి రానిది దీనికి వచ్చింది. నాలుగో స్థానం.

మూడో స్థానం ‘గ్రేస్ అండర్ ప్రెషర్’, 1984. దీన్ని ఎవరూ పై వరసలో పెట్టరు. చల్లగా, బిగువుగా, కోల్డ్ వార్ భయంతో నిండిన ఆల్బమ్. మోరిన్ హైట్స్ స్టూడియోలో తమతో పనిచేసిన మిత్రుడు కారు ప్రమాదంలో పోతే ‘ఆఫ్టరిమేజ్’ రాశారు. ఏడుపు లేకుండా కోపంగా ఉంటుంది ఆ పాట. తర్వాత ‘రెడ్ సెక్టర్ ఎ’. గెడ్డీ లీ తల్లిదండ్రులు పోలాండ్ యూదులు, నాజీ క్యాంపుల్లోంచి బతికి బయటపడ్డవాళ్లు. బెర్గెన్-బెల్సెన్‌లో ఉన్న తల్లి, బ్రిటిష్ సైనికులు వచ్చి విడిపించినప్పుడు బయట ప్రపంచం ఇంకా మిగిలి ఉందంటే నమ్మలేకపోయింది. ఆమె చెప్పిన ఆ సంగతుల మీంచి పుట్టింది ఈ పాట. ఇందులో బేస్ గిటార్ అసలు లేదు. ప్రపంచంలో గొప్ప బేస్ వాద్యకారుల్లో ఒకడు, తన తల్లి కథ చెప్పే పాటలో ఆ వాద్యం ముట్టుకోలేదు. నేను పైన కుదింపు అన్నాను చూడండి, దానికి ఇంతకంటే పెద్ద ఉదాహరణ నా దగ్గర లేదు.

ఇందులోనే ‘ది ఎనిమీ వితిన్’ ఉంది. భయం మీద మూడు భాగాలుగా అనుకున్న పాటల్లో ఇది మొదటి భాగం. మూడో భాగం 1981లో, రెండోది 1982లో, మొదటిది 1984లో వచ్చాయి. వెనక నుంచి ముందుకి. ఎందుకలా అంటే సులువుగా రాయగలిగింది ముందు రాశామన్నట్టు చెప్పారు. ఇలాంటి తిక్క పనులే నాకు వీళ్లంటే ఇష్టం కలిగించాయి.

ఆ తర్వాతి పన్నెండేళ్లు త్వరగా దాటేస్తాను. ‘పవర్ విండోస్’లో వయొలిన్లు, బృందగానం, ఎలక్ట్రానిక్ డ్రమ్స్ అన్నీ ఉన్నాయి, మెరుపు ఎక్కువ. ‘మారథాన్’ బాగుంటుంది. ‘హోల్డ్ యువర్ ఫైర్’లో ఏమీ మ్యాన్ గొంతు కలిపిన ‘టైమ్ స్టాండ్ స్టిల్’ ఒక్కటీ తీసుకుని మిగతాది వదిలేస్తాను. ‘ప్రెస్టో’, ‘రోల్ ద బోన్స్’ పల్చగా ఉంటాయి. రెండో దాని టైటిల్ పాటలో ర్యాప్ ఉంది, దాని గురించి మాట్లాడకపోవడమే మర్యాద. 1993 నాటి ‘కౌంటర్‌పార్ట్స్’లో గిటార్ మళ్లీ ముందుకొచ్చింది, దాదాపు పాసయింది. 1996 ‘టెస్ట్ ఫర్ ఎకో’ నా అట్టపెట్టెలో కొత్తదానిలా మెరుస్తూ ఉంటుంది, ఎక్కువ తియ్యను కాబట్టి.

1997 ఆగస్టులో పియర్ట్ కూతురు కారు ప్రమాదంలో పోయింది. ఏడాది తిరగకుండానే భార్య క్యాన్సర్‌తో పోయింది. ఆయన డ్రమ్స్ వదిలేసి మోటార్ సైకిల్ మీద ఉత్తర అమెరికా అంతా, మెక్సికో దాకా, 55,000 మైళ్లు తిరిగాడు. మిగతా ఇద్దరూ ఆయన్ని తొందర పెట్టలేదు, ఆయన చోట ఇంకొకరిని తేలేదు. 2002లో ‘వేపర్ ట్రెయిల్స్’తో తిరిగొచ్చారు. మొదటి పాట ముప్ఫై సెకన్లు ఆయన డ్రమ్స్ వింటే చాలు, మనిషి తిరిగొచ్చాడని తెలుస్తుంది. ఈ ఆల్బమ్‌తో ఒక పెద్ద చిక్కు ఉంది, దాని సంగతి కింద చెప్తాను.

ఐదో స్థానం వాళ్ల చివరి ఆల్బమ్‌ది. 2012, ‘క్లాక్‌వర్క్ ఏంజెల్స్’. అరవై దాటబోయే మనుషులు 66 నిమిషాల కథాగానం చేశారు. ఆవిరి యంత్రాలతో, గడియారాలతో నడిచే లోకంలో ఇల్లు వదిలి వెళ్లిన కుర్రాడు ముసలివాడయ్యేదాకా కథ. నా ఒకవైపు ప్రయాణంలో ఇది పట్టదు. నియమం ప్రకారం దీన్ని తీసెయ్యాలి. చలికాలంలో మంచు పడ్డ రోజు 401 మీద పడుతుంది కాబట్టి ఉంచుతున్నాను. ‘హెడ్‌లాంగ్ ఫ్లైట్’లో 1975 నాటి కుర్రాళ్లు కనపడతారు. చివరి పాట ‘ద గార్డెన్’లో తొందరంతా పోయి, ముసలివాడు తన తోటలో మొక్కలు చూసుకుంటుంటాడు. పోయేటప్పుడు మనతో మిగిలేది ప్రేమా గౌరవమూ మాత్రమే అన్న భావం. లైఫ్సన్ సోలో మళ్లీ, ‘లా విల్లా’లోలాగే, మెల్లగా లేస్తుంది.

2015 వేసవిలో నలభై ఏళ్ల సందర్భంగా వాళ్లు చేసిన ఆర్40 టూర్ టొరంటోకి వచ్చినప్పుడు వెళ్లాను. పాటలన్నీ వెనక్కి వాయించారు. కొత్తవాటితో మొదలై, ఒక్కో ఆల్బమ్ వెనక్కి వెళ్తుంటే, ఎర్ర దుస్తులు వేసుకున్న పనివాళ్లు వచ్చి స్టేజి సామాను ఒక్కోటీ విప్పి తీసుకెళ్తుంటారు. విరామం తర్వాత పియర్ట్ డెబ్బైల నాటి కిట్‌కి నకలుగా చేయించుకున్న దాని వెనక కూర్చున్నాడు. చివరికి స్కూలు వ్యాయామశాల తెర ముందు, కుర్చీల మీద పెట్టిన ఆంప్లిఫయర్లతో ‘వర్కింగ్ మ్యాన్’. ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆ హాల్లో మగవాళ్ల టాయిలెట్ ముందు పొడవాటి క్యూ, ఆడవాళ్ల వైపు ఎవరూ లేరు. రష్ అభిమానుల మీద ఉన్న పాత జోకు నిజమే. నా జీవితంలో ఇంకెక్కడా ఆ సౌకర్యం దొరకలేదు.

ఆ టూర్‌తో ఆపేశారు. 2020 జనవరిలో పియర్ట్ మెదడు క్యాన్సర్‌తో పోయాడు. 2025 అక్టోబరులో మిగతా ఇద్దరూ జర్మనీకి చెందిన ఆనికా నిల్స్ అనే డ్రమ్మర్‌తో మళ్లీ టూర్ చేస్తామని ప్రకటించారు. కొందరు అభిమానులు కోప్పడ్డారు. నాకైతే తకిట తకధిమి ఆవిడ ఎలా వాయిస్తుందో వినాలని ఉంది.

కొనేవాళ్లకి చివరి మాటలు. ముందు ‘మూవింగ్ పిక్చర్స్’, ఆ వెంటనే ‘పర్మనెంట్ వేవ్స్’. రెండూ కలిపినా గంటా పావు చిల్లర. గొంతు పడకపోతే ‘గ్రేస్ అండర్ ప్రెషర్’. కథలు కావాలంటే ‘2112’, కానీ రెండో సైడు మీద ఆశలు పెట్టుకోకండి. పాత సీడీల షాపుల్లో ఇవన్నీ సులువుగా దొరుకుతాయి, వీటి కోసం ఖరీదైన కొత్త ఎల్పీ సెట్ల జోలికి పోనక్కర్లేదు. ‘వేపర్ ట్రెయిల్స్’ దగ్గర మాత్రం జాగ్రత్త. 2002లో వచ్చింది వినాయక చవితి పందిట్లో మైకు సెట్టులా ఉంటుంది. శబ్దం అంతా పైకి నెట్టేసి, డ్రమ్స్ ఏదో గిటార్ ఏదో తెలియకుండా చేశారు, బ్యాండ్ వాళ్లకే నచ్చలేదు. 2013లో డేవిడ్ బాట్రిల్ చేత మొత్తం మళ్లీ మిక్స్ చేయించి విడుదల చేశారు, అందులో అదే పాటలు ఊపిరి పీల్చుకుంటాయి. సెకండ్ హ్యాండ్ అరల్లో ఎక్కువగా కనపడేది పాతదే. డబ్బులిచ్చేముందు అట్ట మీద ‘రీమిక్స్‌డ్’ అని ఉందో లేదో చూసుకోండి.